అమ్మ ఏబీజీ (మణికట్టు దగ్గర తీసే రక్తం టెస్ట్) రిపోర్ట్ ఎవరైనా అర్థమయ్యేట్టు చెప్తారా? 99 ఉన్న ఆక్సిజన్‌ని 90కి ఎందుకు దించారు?

కదిరోడు_బెంగళూర్లో

అందరికీ నమస్తే, పోస్టు కాస్త పొడుగైంది, ఓపికున్నోళ్ళు చదవండి. మా అమ్మకి అరవై దాటాయి, మాది కదిరి దగ్గర పల్లె. బీడీ, సిగరెట్ ఏమీ లేవు గానీ చిన్నప్పట్నించి కట్టెల పొయ్యి దగ్గరే బతుకంతా, గ్యాస్ వచ్చినాక కూడా సంగటి మాత్రం పొయ్యి మీదే కెలకాల అంటది. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల గాలి గొట్టాలు సన్నబడే జబ్బు అని కొన్నేళ్ళ కిందే చెప్పి ఇన్‌హేలర్ ఇచ్చారు, కాస్త బాగుంటే చాలు మానేస్తది. ఇప్పుడు మారతహళ్ళిలో మా ఇంటికొచ్చింది, వచ్చినప్పట్నించి దగ్గు, పచ్చటి కళ్ళె, ఒకరోజు రాత్రి మాట కూడా పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చి అంబులెన్స్ పిలిచాం.

అంబులెన్స్‌లో మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఫుల్లుగా తిప్పారు, వేలికి పెట్టే మిషన్‌లో 99 వచ్చింది, అతను కూడా "చూడండి సార్ 99 వచ్చేసింది, అమ్మ హాయిగా నిద్రపోతున్నారు" అన్నాడు, మాకూ ఊపిరొచ్చింది. ఆస్పత్రిలో కాజువాలిటీ డాక్టర్ అమ్మని పిలిస్తే పలకడం లేదని చూసి, ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని అక్కడే సూది గుచ్చి రక్తం తీశాడు, కాసేపటికే రిపోర్ట్ వచ్చింది, వచ్చీ రాగానే ఆక్సిజన్ తగ్గించేశారు! మొహానికి గట్టిగా బిగించి గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే మాస్కు మిషన్ పెట్టారు, బైపాప్ అంట. అప్పట్నించి వేలి మిషన్‌లో 89, 90, 91, అంతకి మించి పోనివ్వట్లేదు. 99 ఉన్న మనిషిని ఆస్పత్రికి తెచ్చి 90 చేశారేంది అని మా బావ గొడవ, ఆయన వెళ్ళి గోడకున్న నాబ్ తిప్పబోతే సిస్టర్ "ముట్టబేడి ముట్టబేడి" అని వార్డంతా వినపడేట్టు అరిచింది.

రిపోర్టులు ఇవి, ఫోటో తీసుకున్నా:

మొదటిది కాజువాలిటీలో: పీహెచ్ 7.27, పీసీఓటూ 74, పీఓటూ 112, బైకార్బ్ 33
రెండోది బైపాప్ పెట్టిన కొన్ని గంటలకి: పీహెచ్ 7.31, పీసీఓటూ 68, పీఓటూ 61, బైకార్బ్ 33
మూడోది ఈరోజు పొద్దున: పీహెచ్ 7.36, పీసీఓటూ 60, పీఓటూ 63, బైకార్బ్ 33

ఈరోజు రిపోర్టులో కూడా సగం గళ్ళల్లో బాణం గుర్తులే, పీసీఓటూ నార్మల్ 35 నుంచి 45 అని పక్కనే రాసుంది, అమ్మకి 60. పెద్ద డాక్టర్ మాత్రం రౌండ్స్‌లో చూసి "గుడ్, బ్యాక్ టు బేస్‌లైన్" అనేసి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం మెలకువగా ఉంది, ఇడ్లీ తింది, నన్ను తిట్టింది కూడా. అసలు ఈ నంబర్లు ఏంటి, వేలి మిషన్ ఉండగా మళ్ళీ మళ్ళీ మణికట్టులో ఎందుకు గుచ్చడం, పాపం ఆ చెయ్యి నల్లగా కమిలిపోయింది.

ఐసీయూ_నైట్‌డ్యూటీ

నేను డాక్టర్ని కాదండీ, రెస్పిరేటరీ థెరపిస్ట్‌ని, మాది నెల్లూరు, ఇక్కడే బెంగళూరులో ఐసీయూలో చేస్తా. రోజూ చేసే పనే కాబట్టి నాకు తెలిసింది చెప్తా, ట్రీట్‌మెంట్ విషయం మాత్రం అక్కడి డాక్టర్ మాటే ఫైనల్.

ముందు ఆ సిస్టర్‌కి థ్యాంక్స్ చెప్పండి. మీ బావగారు నాబ్ తిప్పి ఉంటే అమ్మ మళ్ళీ మొదటి రిపోర్టుకే వెళ్ళేవారు.

ఊపిరితిత్తులకి రెండు పనులు, ఆక్సిజన్ లోపలికి తీసుకోవడం, కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) బయటికి పంపడం. వేలి మిషన్ మొదటి పనినే చూస్తుంది, అది కూడా రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్ పట్టుకుందో అంతే. రెండోదాని గురించి దానికి ఏమాత్రం తెలీదు. అమ్మ పొయ్యితోనే చెప్పాలంటే, పొయ్యిలోకి కట్టెలు బాగానే పెడుతున్నారు గానీ పొగ గొట్టం మూసుకుపోయింది, వేలి మిషన్ కట్టెలు లెక్కపెట్టి అంతా బాగుంది అంటోంది. సీఓపీడీలో గాలి గొట్టాలు సన్నబడి లోపలి గాలి పూర్తిగా బయటికి రాదు, కొంతమందికి సీఓటూ నెమ్మదిగా పేరుకుంటుంది. దాన్ని చూడాలంటే ధమని రక్తమే కావాలి, అదే ఏబీజీ.

ఇంక మీ రిపోర్టులు. పీసీఓటూ అంటే రక్తంలో సీఓటూ ఒత్తిడి, పీఓటూ అంటే ఆక్సిజన్ ఒత్తిడి. పీహెచ్, పీసీఓటూ, బైకార్బ్, ఈ మూడింటినీ ఈ వరసలోనే చూడండి, పీఓటూని చివర్లో చూడండి. అందరూ ముందు ఆక్సిజన్ గడికే వెళ్ళిపోతారు, అక్కడే అయోమయం మొదలవుతుంది.

పీహెచ్ అంటే రక్తం ఆమ్లం వైపు ఉందా క్షారం వైపు ఉందా అని, 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. చూడ్డానికి చిన్న తేడాలే గానీ 7.27 అంటే శరీరానికి పెద్ద విషయం. సీఓటూ రక్తంలో కలిస్తే ఆమ్లం అవుతుంది, 74కి వెళ్ళింది కాబట్టి పీహెచ్ కిందికి పడింది. అమ్మ "హాయిగా" నిద్రపోయింది అన్నారు చూడండి, అది నిద్ర కాదు, సీఓటూ మత్తు. దాంట్లో మనిషి పిలిస్తే పలకరు, మాట తడబడుతుంది, చేతులు వెచ్చగా ఉంటాయి, చేతులు ముందుకి చాపమంటే అరచేతులు టపటప పడిపోతుంటాయి. వేలి మీద 99 చూపిస్తూనే ఇదంతా జరుగుతుంది. అందుకే కాజువాలిటీ డాక్టర్ 99ని పక్కన పెట్టి నాడి దగ్గర సూది గుచ్చాడు, మంచి పని చేశాడు.

బైకార్బ్ అంటే రక్తంలో ఆమ్లాన్ని అణిచే క్షారం, అది మూడుసార్లూ 33, మామూలుగా 22 నుంచి 26 ఉండాలి. అది కిడ్నీల పని. సీఓటూ చాలాకాలంగా ఎక్కువ ఉంటే కిడ్నీలు బైకార్బ్‌ని దాచుకుని పీహెచ్‌ని బ్యాలెన్స్ చేస్తాయి, కానీ అది రాత్రికి రాత్రి అయ్యేది కాదు, మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఆస్పత్రికి వచ్చిన నిమిషానికే 33 ఉందంటే అమ్మకి సీఓటూ ఈ జబ్బుతో కొత్తగా పెరగలేదు, నెలలుగానో ఏళ్ళుగానో ఎక్కువే ఉంది. మాకు ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది, పాతబడిన కేసులో సీఓటూ 40 మీద ప్రతి 10 పెరిగితే బైకార్బ్ 24 మీద దాదాపు 4 పెరుగుతుంది. అంటే 33 బైకార్బ్ ఉన్న మనిషికి ఇంట్లో బాగున్న రోజున కూడా సీఓటూ 60 దరిదాపుల్లో ఉండి ఉంటుంది. ఇప్పుడు మూడో రిపోర్ట్ చూడండి, సీఓటూ 60, పీహెచ్ 7.36. పెద్ద డాక్టర్ బేస్‌లైన్, అంటే అమ్మకి ఎప్పుడూ ఉండే స్థాయి, అన్నది దీన్నే. రిపోర్టులో బాణం గుర్తు మిషన్ వేసేది, దానికి మీ అమ్మ ఎవరో తెలీదు, లంగ్స్ బాగున్నవాళ్ళ నార్మల్‌తో పోల్చి వేసేస్తుంది. అమ్మ సీఓటూని బలవంతంగా 40కి తెద్దామని ఎవరూ చూడరు.

ఆక్సిజన్ ఎందుకు తగ్గించారంటే, ఇలా సీఓటూ పేరుకునేవాళ్ళకి అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే సీఓటూ ఇంకా పెరుగుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఊపిరి పీల్చాలనే ప్రేరణ తగ్గుతుంది అని అందరూ చెప్తారు, అది కొంతవరకే. ఇంకో రెండు ఉన్నాయి, పాడైన భాగాలకి రక్తం పోకుండా లంగ్ తనంతట తాను సన్నం చేసుకున్న రక్తనాళాలు ఆక్సిజన్ ఎక్కువయ్యేసరికి తెరుచుకుంటాయి, అప్పుడు రక్తం గాలాడని చోటికి పోయి సీఓటూ వదిలించుకోకుండానే తిరిగొస్తుంది. పైగా హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ నిండిపోతే అది మోస్తున్న సీఓటూని వదిలేస్తుంది. అందుకే ఇలాంటివాళ్ళకి వేలి మిషన్ టార్గెట్ 88 నుంచి 92. 90 అంటే తక్కువ పెట్టి వదిలేసినట్టు కాదు, కావాలని అక్కడ పట్టుకుని ఉన్నారు. అయితే ఇది చదివి ఎవరూ ఆక్సిజన్ తీసేయొద్దు, ఆక్సిజన్ మరీ పడిపోతే సీఓటూ కంటే ముందు అదే ప్రాణం తీస్తుంది.

చెయ్యి సంగతి. ధమని లోతుగా ఉంటుంది, పక్కనే నొప్పి తెలిసే నరాలు, అందుకే మామూలు రక్తం టెస్టు కంటే ఎక్కువ నొప్పి. మళ్ళీ తీయాల్సి వస్తే ముందు తిమ్మిరి ఇంజెక్షన్ కొంచెం వేయమని అడగొచ్చు, తప్పేం లేదు. తీసిన తర్వాత కనీసం 5 నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి, రక్తం పల్చన చేసే మాత్రలు వాడేవాళ్ళకి ఇంకా ఎక్కువసేపు, మధ్యలో దూది తీసి చూడకూడదు. చాలామంది అటెండర్లు రుద్దుతారు, రుద్దొద్దు, నొక్కాలి అంతే. కమిలిన రంగు కొన్నాళ్ళకి పోతుంది. వేళ్ళు చల్లబడినా, తెల్లగానో నీలంగానో అయినా, తిమ్మిరెక్కినా, అక్కడ బుడిపెలా ఉబ్బుతున్నా మాత్రం వెంటనే సిస్టర్‌కి చూపించండి.

సూటిగా_చెప్తా

అంతా బాగుంది గానీ బిల్లు గురించి ఎవరూ మాట్లాడరేం. మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు పొద్దున్నే లేవగానే ఏబీజీ, సాయంత్రం ఏబీజీ, మార్చింది ఏమీ లేదు, డిశ్చార్జ్ బిల్లులో మాత్రం ఏబీజీ ఏబీజీ అని పేజీ నిండా. ఇవన్నీ కార్పొరేట్ ఆస్పత్రుల వ్యాపారం భయ్యా, వేలి మిషన్ చాలు.

ల్యాబ్_కోట్_లత

పై అన్నా, మీ కోపంలో సగం న్యాయమే ఉంది, ఇంకో సగం ఈ పోస్టులోనే తప్పని తేలిపోయింది, వేలి మిషన్ 99 చూపించినప్పుడే ఆమె ప్రమాదంలో ఉంది కదా. కానీ పేషెంట్ నిలకడగా ఉండి, వెంటిలేటర్ సెట్టింగు గానీ ఆక్సిజన్ గానీ ఏమీ మార్చనప్పుడు అలవాటుగా రోజూ తీసే ఏబీజీలు నిజంగానే అనవసరం. "ఈ రిపోర్ట్ ఎలా వస్తే ఏం మారుస్తారు సార్" అని మర్యాదగా అడగండి, జవాబు ఉంటే టెస్ట్ అవసరమే. మాటిమాటికీ కావాల్సిన పేషెంట్‌కైతే ధమనిలో చిన్న గొట్టం పెట్టి ఉంచుతారు, ఆర్టీరియల్ లైన్ అంటారు, ప్రతిసారి గుచ్చే పని ఉండదు. కొన్నిసార్లు మామూలు సిర రక్తంతో కూడా పని జరుగుతుంది, పీహెచ్ దాదాపు దగ్గరగానే వస్తుంది, సిర రక్తంలో సీఓటూ 45 లోపే ఉంటే ధమనిలో కూడా ఎక్కువ లేదని దాదాపు నమ్మొచ్చు. ఆక్సిజన్ నంబర్ మాత్రం సిర రక్తంలో చూసి లాభం లేదు.

నేను ల్యాబ్‌లో చేస్తా, మా వైపు నుంచి ఒక మాట. ఈ టెస్టు తీసే తీరుని బట్టి పాడైపోతుంది. సిరంజిలో గాలి బుడగ ఉండిపోయినా, తీశాక టేబుల్ మీద పెట్టి మర్చిపోయినా నంబర్లు మారిపోతాయి, రక్తకణాలు సిరంజిలో కూడా ఆక్సిజన్ తింటూనే ఉంటాయి, సీఓటూ వదుల్తూనే ఉంటాయి. ప్లాస్టిక్ సిరంజి అయితే అరగంట లోపు మిషన్‌లో పెట్టేయాలి. గడ్డకట్టకుండా హెపారిన్ ఉంటుంది, ద్రవం హెపారిన్ ఎక్కువ మిగిలిపోతే సీఓటూ, బైకార్బ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. ఒక్కోసారి పొరపాటున సిర రక్తం వచ్చేస్తుంది, వేలి మిషన్ 95 ఉంటే రిపోర్టులో పీఓటూ 40 వస్తుంది, ఇంట్లోవాళ్ళు ఏడుపు మొదలెడతారు. రిపోర్ట్ మనిషికి పొంతన లేకపోతే మళ్ళీ తీయడం వ్యాపారం కాదు.

ఇంకోటి, రిపోర్ట్ మీద ఆ టైంలో ఎంత ఆక్సిజన్ మీద ఉన్నారో రాసి ఉండాలి, చాలాచోట్ల ఆ గడి ఖాళీగా వదిలేస్తారు, నాకు చిర్రెత్తుకొస్తుంది. గది గాలి మీద 63కి, మాస్క్ మీద 63కి నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఆక్సిజన్ మార్చిన వెంటనే తీసినా అర్థం లేదు, ఓ 20–30 నిమిషాలు కుదురుకోనివ్వాలి.

ఒక పాత సంగతి గుర్తొచ్చింది, బైకార్బ్ 33 చూసి. 1952లో డెన్మార్క్ కోపెన్‌హాగన్‌లో పోలియో విపరీతంగా వచ్చినప్పుడు, ఊపిరి కండరాలు పడిపోయిన పేషెంట్ల రక్తంలో మొత్తం సీఓటూ చాలా ఎక్కువగా వచ్చేది, అది బైకార్బ్ అనుకుని, ఇదేదో అంతుచిక్కని క్షార స్థితి అనుకున్నారు అక్కడివాళ్ళు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ మాత్రం "అది కాదు, వీళ్ళకి ఊపిరి ఆడక సీఓటూ పేరుకుంటోంది" అన్నాడు, పీహెచ్ చూస్తే తక్కువగా ఉంది, ఆయనదే కరెక్ట్. గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టి, మెడికల్ స్టూడెంట్లు వంతులవారీగా రోజుల తరబడి చేత్తో బ్యాగ్ నొక్కుతూ పేషెంట్లని బతికించారు. అక్కడి ల్యాబ్ నడిపిన పౌల్ ఆస్ట్రుప్ ఆ తర్వాత బ్లడ్ గ్యాస్ కొలిచే పద్ధతిని డెవలప్ చేశాడు. అంటే బైకార్బ్ ఒక్కటే చూస్తే అప్పటి పెద్ద పెద్దోళ్ళకే అర్థం కాలేదు, పీహెచ్ పక్కన పెట్టి చూస్తేనే తెలిసింది. నైట్‌డ్యూటీ గారు ముందు పీహెచ్ చూడమన్నది అందుకే.

సూటిగా_చెప్తా

సరే లతక్కా, ఆ ప్రశ్న అడిగి ఉండాల్సింది అప్పుడు. బిల్లు మీద నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

హోసూర్‌రోడ్_శీను

మధ్యలో దూరుతున్నా సారీ. మా మామయ్య షుగర్ పేషెంట్, ఇన్సులిన్ మానేసి ఆయుర్వేదం అని తిరిగాడు, నిన్న వాంతులు, ఒకటే రొప్పు, ఆయాసం అనుకుని తెచ్చాం. ఏబీజీలో పీహెచ్ 7.28, పీసీఓటూ 22, బైకార్బ్ 10. ఈయనకి కూడా లంగ్స్ ప్రాబ్లమా? లంగ్స్ బాగున్నాయి అంటున్నారు మరి.

ఐసీయూ_నైట్‌డ్యూటీ

శీను గారూ, ఇది సరిగ్గా రివర్సు. ఇక్కడ కూడా పీహెచ్ తక్కువే గానీ సీఓటూ ఎక్కువ లేదు, బాగా తక్కువ ఉంది, పడిపోయింది బైకార్బ్. ఇన్సులిన్ లేక కీటోన్ ఆమ్లాలు పేరుకున్నాయి, బైకార్బ్ వాటితో ఖర్చయిపోయింది, శరీరం ఉన్న ఆమ్లాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని సీఓటూని వేగంగా బయటికి ఊదేస్తోంది, ఆ రొప్పు అదే. మీ మామయ్య లంగ్స్ ఆయన్ని కాపాడే పనిలో ఉన్నాయి. బైకార్బ్ 10 ఉంటే సీఓటూ 23 అటూఇటూ రావాలి, 22 ఉంది, అంటే లంగ్స్ చేయాల్సినంత చేస్తున్నాయి. ఇలాంటి మనిషికి సీఓటూ ఒక్కసారిగా 40 వచ్చిందనుకోండి, నార్మల్ అని సంతోషించకూడదు, అలిసిపోతున్నాడని అర్థం. ఇన్సులిన్ డ్రిప్ మొదలెట్టాక పొటాషియం పడిపోతుంది, అందుకే మాటిమాటికీ రక్తం తీస్తారు, విసుక్కోకండి. మిగతాది డాక్టర్‌ని అడగండి, ఇది ఇంట్లో చూసుకునే కేసు కాదు.

పెరంబూర్_తెలుగోడు

నాదొక డౌట్. మా అన్న హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఉంటాడు, నేను చెన్నైలో. ఇద్దరికీ ఆపరేషన్లకి ముందు ఏబీజీ తీశారు, ఎవరికీ లంగ్స్ జబ్బు లేదు. నాకు పీఓటూ 94, ఆయనకి 81. వదిన అప్పట్నించి నెట్‌లో చదివి చదివి బెంగపెట్టుకుంది.

ల్యాబ్_కోట్_లత

వదిన గారిని ప్రశాంతంగా ఉండమనండి. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. చెన్నైలో గాలి ఒత్తిడి 760 ఎంఎం దగ్గర ఉంటే ఇక్కడ 680 దరిదాపుల్లో ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే రెండు చోట్లా, కానీ మొత్తం ఒత్తిడి తగ్గితే దాని వాటా కూడా తగ్గుతుంది కదా. లెక్క కడితే ఊపిరితిత్తుల గాలి గదుల్లోనే చెన్నైలో 100 ఉండే ఆక్సిజన్ ఇక్కడ 84 దాకానే వస్తుంది, రక్తంలోకి వచ్చేసరికి ఇంకాస్త తగ్గుతుంది. వయసుతో కూడా తగ్గుతుంది. రిపోర్టుల మీద అచ్చేసే 80–100 రేంజ్ సముద్ర మట్టానిది. 81కి సాచురేషన్ (వేలి మిషన్ చూపించే శాతం) 95 పైనే ఉంటుంది, ఏమీ కాదు.

కదిరోడు_బెంగళూర్లో

నైట్‌డ్యూటీ అన్నా, లతక్కా, చేతులెత్తి దండం. బావకి ఫోన్‌లో చదివి వినిపించా, ఏమీ మాట్లాడలేదు, కాసేపాగి "అయితే 90 మంచిదేనా" అన్నాడు, సిస్టర్‌కి టీ తెచ్చిచ్చాడు. రెండు మూడు రోజుల్లో డిశ్చార్జ్ అంటున్నారు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాలా వద్దా అని అడిగితే ఇప్పుడే చెప్పలేం, తర్వాత మళ్ళీ ఏబీజీ తీసి చూద్దాం అంటున్నారు. మళ్ళీ గుచ్చుతారా అని అమ్మ ఏడుపు. ఇప్పుడే తీసింది ఉంది కదా, దాన్ని చూసి చెప్పొచ్చు కదా?

ఐసీయూ_నైట్‌డ్యూటీ

ఇప్పుడు తీసింది జబ్బు ముదిరినప్పటిది, దాన్ని చూసి జీవితాంతం ఆక్సిజన్ రాసేయడం కరెక్ట్ కాదు. ఇన్ఫెక్షన్ తగ్గి, మందులు సరిగ్గా వాడుతూ నిలకడగా ఉన్నప్పుడు గది గాలి మీద తీస్తారు. అప్పుడు పీఓటూ 55 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఇంట్లో ఆక్సిజన్ అవసరం. 55–60 మధ్య ఉండి గుండె కుడివైపు ఒత్తిడి పడుతున్నా, రక్తం చిక్కబడినా కూడా ఇస్తారు. ఇస్తే రోజుకి కనీసం 15 గంటలు పెట్టుకోవాలి, ఆయాసం వచ్చినప్పుడు పావుగంట పెట్టుకుని తీసేస్తే ఆ ఉపయోగం రాదు. అలాగే 2–4 వారాల తర్వాత కూడా సీఓటూ బాగా ఎక్కువే ఉంటే రాత్రిపూట ఇంట్లో బైపాప్ గురించి మాట్లాడతారు. కాబట్టి ఆ ఒక్క గుచ్చుడు అమ్మకి పనికొచ్చేదే. ముందు తిమ్మిరి ఇంజెక్షన్ అడగండి.

ప్రైవేట్ ఆస్పత్రి వద్దనుకుంటే హోసూర్ రోడ్ వైపు నిమ్‌హాన్స్ దగ్గర ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి ఉంది, రాజీవ్ గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చెస్ట్ డిసీజెస్ అంటారు, లంగ్స్ కేసులే చూస్తారు, ఫాలోఅప్‌కి అడిగి చూడండి.

పద్మజ_కేఆర్‌పురం

ఆలస్యంగా చూశా ఈ పోస్టు. మా నాన్నగారిది ఇదే కేసు తమ్ముడూ, ఇంట్లో బైపాప్ వాడుతున్నారు. ఆస్పత్రి వాళ్ళు హడావుడిలో చెప్పనివి కొన్ని చెప్తా.

డిశ్చార్జ్ సమ్మరీలో "సీఓటూ రిటైనర్ (అంటే సీఓటూ పేరుకునే మనిషి), టార్గెట్ 88–92" అని రాయించుకో, పెద్దక్షరాలతో. దాన్ని ఫోటో తీసి అమ్మ ఫోన్‌లో, నీ ఫోన్‌లో, ఊళ్ళో ఎవరు చూసుకుంటారో వాళ్ళ ఫోన్‌లో పెట్టు. మళ్ళీ ఎప్పుడైనా అంబులెన్స్ ఎక్కితే ముందు అదే చూపించాలి, లేకపోతే ఎవరొచ్చినా ఫుల్లుగా తిప్పేస్తారు, వాళ్ళ తప్పు కాదు, ఎదురుగా ఉన్న మనిషి సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది. మా నాన్నగారికి వెంచురీ మాస్క్ అని ఇచ్చారు, నీలం రంగు ముక్క పెడితే 24 శాతం, తెల్లది 28, అంతకి మించి పోదు, దాన్ని కిట్‌లో ఉంచుకున్నాం.

నిద్ర మాత్రలు. ఇది చాలా ముఖ్యం. ఊళ్ళో రాత్రి నిద్ర పట్టట్లేదంటే చాలు ఆర్‌ఎంపీ అల్ప్రజోలం రాసేస్తాడు, మెడికల్ షాపోడు చీటీ లేకుండానే ఇచ్చేస్తాడు. ఇలాంటివాళ్ళకి అవి ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా అంతే. పొద్దున్నే తలనొప్పితో లేస్తున్నా, పగలంతా తూగుతున్నా, మాట తికమకగా వస్తున్నా వేలి మిషన్ 92 ఉంది కదా అని కూర్చోకండి, తీసుకెళ్ళి ఏబీజీ తీయించండి. నిద్రపోతోంది పడుకోనీ అని మా అత్తయ్య గంటల తరబడి లేపనివ్వలేదు ఒకసారి, నాన్నగారిని వెంటిలేటర్ దాకా తీసుకెళ్ళింది అది.

రిపోర్టులన్నీ ఒక ఫైల్‌లో తేదీల వారీగా పెట్టుకో, బాగున్నప్పుడు తీసినది పైన ఉండాలి. కొత్త డాక్టర్‌కి 60 అని చూపిస్తే కంగారుపడతాడు, పాతది కూడా 60 అని చూపిస్తే వెంటనే అర్థమవుతుంది.

పొయ్యి గురించి ఏం చెప్పినా వినదనుకో అమ్మ.

కదిరోడు_బెంగళూర్లో

అక్కా పొయ్యి సంగతి ఇందాకే అడిగా, సంగటి గ్యాస్ మీద చేస్తే అడుగంటుతుంది అంది. మిగతావన్నీ రాసుకున్నా. ఊరికి తీసుకెళ్ళాక అక్కడ కరెంటు పోతుంటది, ఆక్సిజన్ మిషన్ రాస్తే ఎట్లా మరి? కదిరి బెంగళూరు కంటే కిందే కదా, అక్కడ పీఓటూ కాస్త మెరుగ్గా ఉంటదా లతక్కా?

ల్యాబ్_కోట్_లత

కొంచెం ఉండొచ్చు, ఓ నాలుగైదు పాయింట్లు, దాన్ని నమ్ముకుని ప్లాన్ చేసేంత కాదు. టెస్టు ఇక్కడ తీసి అక్కడ ఉంటారని డాక్టర్‌కి చెప్పండి చాలు. విమానం ఎక్కించాలనుకుంటే మాత్రం ముందే అడగాలి, పైన క్యాబిన్‌లో ఒత్తిడి 2,400 మీటర్ల ఎత్తు మీద ఉన్నంత దాకా తగ్గొచ్చు, పీఓటూ 63 ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు.

పద్మజ_కేఆర్‌పురం

కరెంటు సంగతికి మేం కాన్సంట్రేటర్ (గది గాలి నుంచి ఆక్సిజన్ తీసే కరెంటు మిషన్)తో పాటు చిన్న సిలిండర్ ఒకటి నింపి ఉంచుతాం. మామూలు ఇన్వర్టర్ మీద కాన్సంట్రేటర్ ఎంతసేపు లాగుతుందో కొనేముందే షాపోడి దగ్గర నడిపించి చూసుకో, మాటల్లో గంటలు గంటలు అంటారు. అద్దెకి కూడా దొరుకుతాయి, ముందు ఒక నెల అద్దెకి తీసుకుని, తర్వాత తీస్తామన్న ఆ ఏబీజీ చూశాక కొనాలా వద్దా అనుకోండి. ఫ్లో ఎంత పెట్టాలో డాక్టర్ రాసిన నంబర్‌ని మిషన్ మీద టేపు వేసి అంటించు, మీ బావ వచ్చినప్పుడు అవసరమవుతుంది.